లొట్లు మోసిన అట్లాస్: గీతలు, తుప్పు, పెయింట్ పని మీద ఒక కేస్ స్టడీ

నల్గొండలో నాది సైకిల్ రిపేరు, పెయింటింగ్ షాపు. ఇక్కడ రాస్తున్నది చండూరు వైపు ఒక ఊరి నుంచి వచ్చిన నల్ల అట్లాస్ సైకిల్ గురించి. 24 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, బరువులకు పనికొచ్చే మందపాటి క్యారియర్. యజమాని గీత కార్మికుడు. వయసు మీదపడి చెట్టెక్కడం మానేశాడు. పనిలో ఉన్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం తాటివనానికి పోయిందీ, కల్లు లొట్లు (కుండలు) మోసిందీ, చెట్టెక్కే తాడూ సరంజామా, అంటే మోకుముస్తాదు, మోసిందీ ఈ సైకిలే. ఇప్పుడు మనవడు దాన్ని నల్గొండలో కాలేజీకి తొక్కుతానన్నాడు.

ఇద్దరూ కలిసే వచ్చారు గానీ ఇద్దరి కోరికా ఒకటి కాదు. మనవడు, "అన్నా, మొత్తం గీకేసి ఎర్రగా పౌడర్ కోటింగ్ చేపియ్యి" అన్నాడు. తాత మాత్రం సైకిల్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా, "తుప్పు పోవాలె బిడ్డా. గని బండి నాదని నేను గుర్తువట్టాలె" అన్నాడు.

ఈ రెండు మాటల మధ్య చేసిన పని కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. పెయింట్ పోయిన సైకిల్ వస్తే చాలామంది మెకానిక్‌లు ముందు ఏ రంగు వేయాలని అడుగుతారు. నేను ముందు ఇనుము ఎక్కడెక్కడ బయటపడిందో చూస్తాను. రంగు పోతే అందం పోతుంది, అంతే. ఇనుము గాలికీ నీటికీ దొరికితే ఫ్రేమే పోతుంది. అందుకే ప్రతి గీతనూ ఒకే తీరుగా చూడకూడదని నా గట్టి నమ్మకం. కొన్నిటికి వెంటనే మందు వేయాలి, కొన్నిటికి పాలిష్ చాలు, కొన్నిటిని ముట్టుకోకపోవడమే మంచిది.

పౌడర్ కోటింగ్ ఎందుకు వద్దన్నాను

పిల్లవాడు అడిగిందేమీ తప్పు కాదు. పౌడర్ కోటింగ్ గట్టిది, చవక కూడా. ఆ పొడిని ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇత్తడితో అతికిన పాత ఫ్రేముకి ఆ వేడి ఏమీ చేయదు. ఇబ్బంది అంతకు ముందు జరిగే పనితోనే. ఇసుక బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి, ఉన్న రంగంతా తీసేస్తారు. దాంతో సీటు కింద గొట్టాల మీదున్న బంగారు గీతలు పోతాయి, ముందు గొట్టం మీద భూగోళాన్ని మోసే మనిషి బొమ్మ పోతుంది. సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, ఉత్పత్తి ఆపేసింది. అలాంటి స్టిక్కర్లు బజార్లో దొరుకుతాయి కానీ, ఇన్నేళ్లు ఎండావానా తిన్న అసలు బొమ్మ మళ్లీ రాదు. పైగా బ్లాస్టింగ్ ఇసుక బేరింగ్ కప్పులు కూర్చునే చోట్లలోకి, గొట్టాల్లోకి దూరుతుంది. దాన్ని పూర్తిగా కడిగి తీయకపోతే తర్వాత బేరింగులు అరిగిపోతాయి.

ఇవన్నీ చెప్పాక పిల్లవాడు వెంటనే ఒప్పుకోలేదు. "ముందు కడుగుదాం, తర్వాత మాట్లాడుదాం" అన్నాను.

కడిగాక కనిపించింది

చక్రాలు, చైను, మడిగార్డులు, బ్రేకు రాడ్లు అన్నీ విప్పి, కిరోసిన్‌తో జిడ్డు వదలగొట్టి, సబ్బునీళ్లతో కడిగాను. సీటు రాడ్ లాగి ఫ్రేమును తలకిందులు చేస్తే నల్లటి బురదనీళ్లు కారాయి. వానల్లో సీటు రాడ్ సందులోంచి దిగిన నీళ్లు పెడల్ ఇరుసు గూట్లో చేరి అక్కడే నిలుస్తాయి. పైన ఎంత మంచి పెయింట్ ఉన్నా, ఫ్రేము లోపలి నుంచి తినేసేది ఈ నీళ్లే. ఎవరి పాత సైకిల్ అయినా సరే, వానాకాలం అయిపోగానే ఒకసారి సీటు రాడ్ లాగి చూసుకోవాలి.

కడిగేటప్పుడు ఇంకో సంగతి. మా దగ్గర బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పెయింట్‌కి మాత్రం ఆ నీళ్లలో కరిగి ఉన్న మిగతా లవణాలతోనే పేచీ. నీళ్లు ఆరిపోయినా ఇనుము మీద ఉప్పు మిగిలిపోతుంది. దాని మీద ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేస్తే, ఆ ఉప్పు పెయింట్ పొరలోంచి తేమను లాక్కుంటుంది, కొన్ని నెలలకు చిన్న చిన్న బుడగలు లేస్తాయి. అందుకే ఆఖరి కడుగు క్యాన్ నీళ్లతోనే చేస్తాను. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెడతాను.

మట్టి పోయాక ఈ సైకిల్ మీద దెబ్బలు స్పష్టంగా కనిపించాయి. ఒక్కో చోటి దెబ్బకూ ఒక్కో కారణం ఉంది.

ముందు గొట్టం పక్కల, ఫోర్కు మీద సన్నని గీతలు. గోడలకూ చెట్లకూ ఆనించినప్పుడు పడ్డవి. వీటిని రెండు రకాలుగా పరీక్షిస్తాను. తడిగుడ్డతో తుడిచినప్పుడు కనబడకుండా పోయి, ఆరాక మళ్లీ కనిపించే గీత పై పొరలోనే ఉన్నట్టు. గోరు అడ్డంగా పోనిస్తే తగులుకునే గీత లోతుగా ఉన్నట్టు. ఇక్కడివి దాదాపు అన్నీ మొదటి రకమే. వీటికి పెయింట్ అక్కర్లేదు, రుద్ది మెరుపు తెచ్చే పేస్టు, అంటే రబ్బింగ్ కాంపౌండ్, చాలు.

వెనక వైపు పరిస్థితి పూర్తిగా వేరు. క్యారియర్‌కి రెండు పక్కలా లొట్లు వేలాడదీయడానికి కమ్మరితో వంచించిన కొక్కేలు ఉన్నాయి. వాటి కింద ఉన్న మడిగార్డు, చక్రాన్ని పట్టుకునే వెనక గొట్టాలు పుండ్లు పడ్డట్టు ఉన్నాయి. చెట్టు మీద నుంచి దించినప్పుడు తియ్యగా ఉండే కల్లు గంటల్లోనే పులుస్తుంది. చక్కెర సారాగా మారుతుంది, దాంతో పాటే లాక్టిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం పుడతాయి. ఆ పులుపంతా వాటిదే. గతుకుల్లో లొట్టి కుదిపినప్పుడల్లా నురగ పొంగి ఇక్కడే కారేది. చక్కెర జిగటకి దుమ్ము అంటుకునేది, దుమ్ము తేమను పట్టి ఉంచేది, పెయింట్‌లో ఎక్కడ చిన్న పగులు దొరికితే అక్కడి నుంచి ఆమ్లం ఇనుమును అందుకునేది. నీళ్లతో పట్టే తుప్పు పైపైన పరుచుకుంటుంది. ఇది మాత్రం సూదిగుంతల్లా లోపలికి దిగింది.

పాల క్యాన్లు మోసే సైకిళ్ల మీద కూడా ఇదే రకం దెబ్బ చూస్తుంటాను, అదే చోట.

ఇక పై కడ్డీ. డండా అంటాం. దాని నడిమధ్య జానెడు పొడవున రంగు అసలు లేదు. అది పెచ్చులూడి పోలేదు, అరిగి పోయింది. మోకును చుట్టలు చుట్టి రోజూ అక్కడే తగిలించేవాడు. తాడు రాపిడికి నలుపు పోయి, ప్రైమర్ పోయి, ఇనుము బయటపడి, దాని మీద మళ్లీ తాడూ చెయ్యీ రాసుకుని రాసుకుని గోధుమరంగు నునుపు వచ్చింది. అంచుల్లో నలుపు మెల్లగా పలచబడి ఇనుములో కలిసిపోయింది. ఎక్కడా గోరుకు మెట్టు తగలదు. తుప్పు పొడి ఒక్క రవ్వ లేదు. రోజూ వాడకంలో ఉన్నంతకాలం ఆ రాపిడే తుప్పును రానీయలేదు.

ముసలాయన కూడా సరిగ్గా అక్కడే వేలు పెట్టి, "ఇది గట్లనే ఉంచు" అన్నాడు.

భయపెట్టిన గీత

పై మూడిటికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ముందు గొట్టం కింద, వాలుగొట్టం లగ్గులోకి (గొట్టాలను కలిపే ఇనుప తొడుగులోకి) దూరే చోట కనిపించిన వెంట్రుక మందం గీత. దాని పొడవునా ఎర్రటి తుప్పు చార. సైకిల్‌లో ప్రమాదకరమైన చోటు అదే. ముందు చక్రం గోతిలో పడిన ప్రతిసారీ దెబ్బంతా అక్కడికే వస్తుంది. అక్కడ పెయింట్ ముడతలు పడితే గొట్టం వంగిందని, తుడిచినా మళ్లీ మళ్లీ ఎర్రనీరు కారితే ఇనుమే చిట్లి ఉండొచ్చని అనుమానించాలి. చిట్లిన ఫ్రేము మీద రంగు వేసి ఇవ్వడమంటే మనిషిని గుడ్డిగా రోడ్డు మీదికి పంపడమే.

దీనికి పెద్ద మిషన్లేవీ అక్కర్లేదు. ఆ చోటిని బాగా శుభ్రం చేసి కిరోసిన్ పూసి కాసేపు వదిలేశాను. కిరోసిన్ చాలా పలచన, వెంట్రుక సందు దొరికినా లోపలికి పాకుతుంది. తర్వాత పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి పలచగా పూశాను. స్పిరిట్ ఆరిపోయి లగ్గు చుట్టూ తెల్లటి పూత మిగిలింది. ఇనుములో చిట్లు ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ బయటికి ఊరి, ఆ తెలుపు మీద తడి గీతగా తేలుతుంది. చెక్క సుత్తితో గొట్టాన్ని మెల్లగా తట్టి, ఎండలోకి తీసుకెళ్లి, భూతద్దం పెట్టి చూశాను. తెలుపు తెలుపుగానే ఉంది. అంతటితో ఊరుకోకుండా ఆ గీత మీద రంగును కొంచెం గీకి చూస్తే కింద ఇనుము నిక్షేపంగా ఉంది. గొట్టం, లగ్గు కలిసే అతుకు దగ్గర పెయింట్ మాత్రమే పగిలి, ఆ పగుల్లో తేమ చేరి తుప్పు చార కట్టింది.

గీత తేలి ఉంటే మాత్రం పెయింట్ పని అక్కడే ఆపేసి, ఫ్రేము వాడకూడదని చెప్పేవాణ్ణి. ఆ మాట ముందే ఇద్దరికీ చెప్పాను కూడా.

ఏ రంగు మీద ఏ రంగు

పని మొదలుపెట్టే ముందు పాత రంగు ఏ జాతిదో తెలియాలి. కనబడని చోట, అంటే సీటు కింద, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో తడిపిన దూదితో రుద్ది చూస్తాను. రంగు కరిగి దూదికి అంటితే అది ఎన్‌సీ పెయింట్. ముడతలు లేస్తే బ్రష్‌తో వేసిన మామూలు సింథటిక్ ఎనామిల్. ఏమీ కాకుండా గట్టిగా నిలబడితే ఫ్యాక్టరీలో కాల్చి వేసిన ఎనామిల్. ఇక్కడ ఫ్రేము మీద దూది తెల్లగానే వచ్చింది, అంటే అసలు రంగే. రెండు మడిగార్డుల మీదా ముడతలు లేచాయి. ఎప్పుడో ఎవరో గేటుకి వేసే నల్లరంగు పూసేశారు. గీకి చూస్తే దాని కింద అసలు రంగు అక్కడక్కడా మచ్చలుగా తప్ప మిగల్లేదు.

ఈ పరీక్షతోనే తాతామనవళ్ల తగువు కూడా తీరింది. ఫ్రేము మీదున్నది అసలు రంగు కాబట్టి దాన్ని కాపాడదాం, మడిగార్డుల మీద అసలు రంగు ఎలాగూ పోయింది కాబట్టి అక్కడ నీకు నచ్చిన రంగు వేసుకుందాం అన్నాను. పిల్లవాడు మెరూన్ అన్నాడు. ముసలాయన మనవడి ముఖం చూసి, "సరే తియ్యి, నలుపు పక్కన మంచిగనే ఉంటది" అన్నాడు.

వానాకాలం మొదట్లో వచ్చిన కేసు ఇది. తుప్పుని ఆపే పనిని ఆలస్యం చేయలేం, కానీ గాలిలో తేమ ఉన్నప్పుడు పై రంగు వేయకూడదు. ఎన్‌సీ అయితే తేమకి తెల్లగా పాలిపోతుంది. అలాగని ఎండాకాలమే మేలని కాదు. మా జిల్లాలో 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో గన్నులోంచి వచ్చిన రంగు ఫ్రేమును చేరేలోపే ఆరిపోయి, గరుకుగా దుమ్ములా కూర్చుంటుంది. అందుకే ప్రైమర్ దాకా వెంటనే చేసి, రంగు పనికి వరసగా పొడి ఎండలు కాసేదాకా ఆగాను.

తుప్పు తీయడం

ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు రెండు రెట్లకు మించి పెరుగుతుంది. అందుకే తుప్పు పైకి కనిపించే మచ్చ దగ్గరే ఆగదు, పక్కనున్న మంచి పెయింట్‌ని కింది నుంచి లేపుకుంటూ పోతుంది. మచ్చ ఉన్నంత మేరే గీకి రంగు వేసే వాళ్ల పని ఏడాది తిరక్కుండానే అంచుల్లో ఉబ్బేది ఇందుకే. అంచును చాకు మొనతో నెమ్మదిగా ఎత్తుతూ పోవాలి. పెయింట్ ఇనుముకి గట్టిగా పట్టుకుని ఉన్న చోటు వచ్చేదాకా ఆగకూడదు. వెనక గొట్టాల మీద బఠాణీ గింజంత కనిపించిన మచ్చలు, ఇలా ఎత్తుతూ పోతే రూపాయి బిళ్లంత అయ్యాయి. పిల్లవాడు అది చూసి కంగారుపడ్డాడు. పుట్టలో ఎంత పాముందో అంతా బయటికి రావాల్సిందే.

పొడి తుప్పును ఇత్తడి వైర్ బ్రష్‌తో, 180 నంబరు ఎమరీ కాగితంతో తీశాను (నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నన). సూదిగుంతల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న జెల్ పూశాను. అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, గుంత ఎరుపు పోయి నలుపు తిరుగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ ఆమ్లం ఏమాత్రం మిగిలినా పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు, పట్టు కూడా దొరకదు. కాబట్టి బాగా కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, 320 తర్వాత 400 వాటర్ పేపర్‌తో అంచులను సాఫు చేశాను. పాత పెయింట్ నుంచి ఇనుము దాకా వేలికి మెట్టు తగలకూడదు. పై కడ్డీని తాడు ఎలా అరగదీసిందో, మిగతా చోట్ల వాటర్ పేపర్‌తో నేను చేయాల్సింది అదే.

రెడ్ ఆక్సైడ్ వేయొచ్చు కదా అని అడుగుతారు. గేట్లకి, కిటికీ చువ్వలకి అది మంచిదే. సైకిల్ గొట్టం మీద చిన్న మచ్చకి మాత్రం అది మందంగా కూర్చుంటుంది, నిదానంగా ఆరుతుంది. దాని మీద ఘాటైన థిన్నర్ ఉన్న రంగు పడితే పొంగుతుంది. రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్‌ని కొంచెం కలుపుకుని సన్నని కుంచెతో రెండు పూతలు వేశాను. గుంతల్లో లప్పం పెట్టలేదు. లప్పం పెడితే గొట్టం నున్నగా కనిపిస్తుంది కానీ, కింద మళ్లీ తుప్పు మొదలైతే అది ఊడేదాకా తెలియదు. గుంత గుంతలాగే కనిపిస్తే దాన్ని కనిపెట్టుకుని ఉండొచ్చు. ఫ్రేము నంబరు కొట్టిన చోట కూడా ప్రైమర్ మందంగా పడకుండా చూశాను. సైకిల్ పోతే దొరకబుచ్చుకోవడానికి ఉన్న ఆనవాలు ఆ నంబరే.

నలుపు కలపడం

నలుపుకి నలుపు కలపడంలో కష్టమేముందని అనుకుంటారు. అన్ని రంగుల్లోకీ నాకు ఎక్కువ టైం పట్టేది నలుపుతోనే. ఎండకు పాతబడిన నలుపు లోపల కొంచెం ఎరుపు తిరుగుతుంది. దాని పక్కన కొత్త జెట్ బ్లాక్ పెడితే నీలంగా కొడుతుంది, మచ్చ మీద మచ్చలా కనిపిస్తుంది. ఇంకో మెలిక ఏమిటంటే, పాత నలుపు పైన ఎండకి మాడిన పొర బూడిదరంగులో ఉంటుంది. ఆ బూడిదరంగును చూసి రంగు కలిపితే పాలిష్ చేశాక తేడా బయటపడుతుంది. అందుకే ముందు ఫ్రేమంతా కాంపౌండ్‌తో రుద్ది, అసలు నలుపు ఏదో తేల్చుకున్నాను. సన్నని గీతలు చాలావరకు ఈ రుద్దడంలోనే పోయాయి. బంగారు గీతల మీద, బొమ్మ మీద మాత్రం కాంపౌండ్ తగలనివ్వలేదు. మెత్తని తడిగుడ్డతో అద్ది వదిలేశాను.

ఫోర్కును వెంట తీసుకుని ఆటోమొబైల్ పెయింట్ షాపుకి వెళ్లి, పీయూ (పాలీయురేథేన్) నలుపులో చుక్క ఎరుపు, చుక్క పసుపు వేయించి, రేకుముక్కల మీద పూసి ఆరనిచ్చి, ఎండలో ఫోర్కు పక్కన పెట్టి చూశాను. ట్యూబులైటు కింద కుదిరిందనుకున్న రంగు ఎండలో తప్పిపోతుంది. తడిగా ఉన్నప్పుడు కుదిరింది ఆరాక తప్పుతుంది. రేకుముక్క మీద చూసుకోకుండా సైకిల్ మీద ఎప్పుడూ పూయను.

స్ప్రే డబ్బా ఎందుకు వాడలేదంటే, మామూలు డబ్బా రంగు మెత్తన. కాస్త పెట్రోల్ తగిలినా కరుగుతుంది. గట్టిపడే మందు కలిపే పీయూ రంగు అలా కాదు, జిడ్డుకీ పులుపుకీ తట్టుకుంటుంది. అయితే ఆ గట్టిపడే మందులో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని పీయూ స్ప్రే చేసే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గుడ్డ పెద్ద తుంపర్లనే ఆపుతుంది, సన్నని తుంపర్లనీ ఆవిరినీ ఆపదు. మడిగార్డులు స్ప్రే చేసినప్పుడు కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుని, ఆరుబయట చేశాను, పిల్లవాణ్ణి దగ్గరికి రానివ్వలేదు.

ఫ్రేము మీద మచ్చలన్నిటికీ కుంచెతోనే వేశాను. ఒక్కసారే నింపకుండా పలచగా వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేసుకుంటూ, పాత రంగు మట్టం కంటే కాగితం మందమంత పైకి వచ్చేదాకా పెంచాను. పూర్తిగా గట్టిపడ్డాక, స్కూలు పిల్లలు చెరిపే రబ్బరుకి 1500 నంబరు వాటర్ పేపర్ చుట్టి, సబ్బునీళ్లు చిలకరిస్తూ ఆ ఎత్తును మాత్రమే దించాను. వేలికి పేపర్ చుట్టి రుద్దితే వేలి మెత్తదనానికి మధ్యలో పల్లం పడుతుంది. తర్వాత 2000, ఆపైన కాంపౌండ్. ఎండలో పక్క నుంచి చూస్తే అతుకు ఎక్కడుందో ఇప్పటికీ తెలుస్తుంది. ఎదురుగా చూస్తే తెలియదు. పాత రంగును ఉంచుకుని చేసే పనిలో ఇంతకు మించి ఆశించకూడదు, ఇంతకు తక్కువైతే ఒప్పుకోకూడదు.

తెగిపోయిన బంగారు గీతలను కలపడం నా చేతిలో పని కాదు. పట్టణంలో బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన్ని పిలిచాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు బోర్డుల పని బాగా తగ్గింది, చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. పొడవాటి వెంట్రుకల కుంచెను రంగులో ముంచి, గాజుపలక మీద ఒకటికి నాలుగుసార్లు లాగి సమం చేసుకుని, చిటికెన వేలు గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో గీసేశాడు. తెగిన చోటే గీశాడు, పాత గీత మీదికి పోలేదు. కొత్త బంగారు రంగు మరీ మెరుస్తోందని అందులో చిటికెడు గోధుమరంగు ఆయనే కలిపాడు.

తాడు అరగదీసిన చోటు

పై కడ్డీ దగ్గర చాలామంది సలహా క్లియర్ కోటు. ఇనుము కనిపిస్తుంది, రక్షణా ఉంటుందని. నేను వేయలేదు. ప్రైమర్ లేని ఇనుము మీద క్లియర్ వేస్తే, ఎక్కడో ఒక గాటు పడిన రోజు నుంచి దాని కింద తుప్పు సన్నని పురుగుల్లా మెలికలు తిరుగుతూ పాకుతుంది. ఆపాలంటే క్లియర్ అంతా గీకాలి, గీకితే ఆ నునుపు పోతుంది. తుప్పు మందు కూడా వేయలేదు, వేస్తే ఆ గోధుమరంగు నల్లబడేది. స్పిరిట్‌తో తుడిచి, కొంచెం వేడి చేసి, మైనం పాలిష్ పట్టించాను. మైనం అరిగిపోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. మైనం ఉందో లేదో తెలుసుకోవడం సులువు. నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలవాలి, పలచగా పరుచుకుంటే మళ్లీ పెట్టే టైం అయినట్టు.

కొక్కేలను అలాగే ఉంచాం, పిల్లవాడు బ్యాగు తగిలించుకుంటాడని. అవి గొట్టాలకు రాసుకునే చోట పాత ట్యూబు ముక్కను చీల్చి తొడిగాను, ఎప్పుడంటే అప్పుడు ఊడదీసేలా. అతికించలేదు, టేపు చుట్టలేదు. ఇది అందరికీ పనికొచ్చే మాట. కొత్త సైకిల్‌కి కంపెనీ చుట్టిన ప్లాస్టిక్ కవర్‌ని గీతలు పడకుండా అని ఏళ్ల తరబడి ఉంచేస్తారు, కొందరు ఫ్రేమంతా రంగురంగుల టేపు చుడతారు. వాననీళ్లు దాని కిందికి దూరతాయి కానీ బయటికి రావు. అలాంటి కవర్లు విప్పినప్పుడు కింద చర్మం లేచినట్టు ఊడొచ్చే పెయింట్‌ని నేను చాలాసార్లు చూశాను.

ఈ కేసులో చేసినవన్నీ స్టీలు ఫ్రేముకి సరిపోయేవి. కాలేజీ పిల్లలు తెచ్చే గేరు సైకిళ్లు చాలావరకు అల్యూమినియంవి. వాటికి ఎర్ర తుప్పు రాదు, తెల్ల పొడి వస్తుంది. ఆ ఫాస్ఫారిక్ జెల్లూ వద్దు, రెడ్ ఆక్సైడూ వద్దు. సన్నని పేపర్‌తో తేలిగ్గా రుద్ది, అల్యూమినియంకి పనికొచ్చే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే ప్రైమర్) గానీ ఎపాక్సీ గానీ వేసి రంగు వేయాలి. కార్బన్ ఫ్రేము అయితే గీత దగ్గర పేపర్ పెట్టి రుద్దడం, పెయింట్ రిమూవర్ పూయడం అసలు చేయకూడదు. రిమూవర్ అందులో నారలను పట్టి ఉంచే రెసిన్‌ని కూడా తినేస్తుంది.

ఏడాది తర్వాత

వానాకాలం ఒకటి గడిచాక చూపించమని ముందే చెప్పాను, పిల్లవాడు తీసుకొచ్చాడు. వెనక గొట్టాల మీద మచ్చలకు రంగు వేసిన చోట అంచులు ఎక్కడా లేవలేదు. లగ్గు దగ్గరి గీత మళ్లీ రాలేదు. పై కడ్డీ మీద మైనం రెండు చోట్ల అరిగి నీళ్లు పరుచుకుంటున్నాయి గానీ తుప్పు లేదు. మెరూన్ మడిగార్డు చివర గులకరాళ్లు కొట్టిన చుక్కలు కొన్ని ఉన్నాయి, ప్రైమర్ దాకా మాత్రమే. అదే రంగు చిన్న సీసాలో ఇచ్చి పంపాను కాబట్టి అతనే అద్దుకున్నాడు.

తుప్పు కనిపించింది ఒక్క చోటే, వెనక చక్రం నట్టు బిగించే కొనల మీద. నట్టు బిగించిన ప్రతిసారీ వాషరు కింద రంగు నలుగుతుంది, అక్కడ ఏ పెయింటూ నిలవదు. దాన్ని గీకి, ఇనుముకి గ్రీజు రాసి బిగించాను. పంక్చర్‌కి చక్రం విప్పిన ప్రతిసారీ అదే చేయమని, సీటు రాడ్ లాగి ఫ్రేమును తలకిందులు చేయడం మరిచిపోవద్దని చెప్పాను. ఈసారి తలకిందులు చేస్తే నాలుగు చుక్కలే వచ్చాయి. సీటు రాడ్ దూరే చోట గ్రీజు ఎండిపోయి ఉంది, కొత్తది పెట్టి బిగించి పంపాను.